డిస్కు అరిగితే కొత్తది ఇస్తారు, మనిషి అరిగితే అట్రిషన్ అంటారు

పోస్టు పెద్దగైంది. చాయ్ పెట్టుకొని చదవండి, లేదంటే పొద్దున స్కైట్రెయిన్‌లో పనికి పోతూ చదవండి. సగంలో ఆపకండి. ఇది మన కూలీ సంగతి, మన కీళ్ల సంగతి.

పోయిన గురువారం పొద్దున సైట్ ట్రైలర్‌లో మీటింగ్ పెట్టారు. మేం సూపర్‌వైజర్లం ముగ్గురం ఉన్నాం. ఒకరిది గోదావరిఖని, ఒకరిది లూధియానా, ఒకరిది ఫిలిప్పీన్స్‌లోని సెబు. కాండోల ముందస్తు అమ్మకాలు పడిపోయాయి, ఖర్చు తగ్గించాలి, ఇదీ మీటింగ్ సంగతి. మేనేజర్ మంచి మనిషే, గట్టిగా మాట్లాడడు. మెల్లగా అన్నాడు: "ఎవర్నీ తీసెయ్యడం లేదు. పద్నాలుగు మంది లేబర్ ఉన్నారు కదా, చలికాలం నాటికి అట్రిషన్‌తో తొమ్మిదికి వస్తాం."

ముగ్గురం తల ఊపి బయటికి వచ్చాం. "హమ్మయ్య, లేఆఫ్ లేదంట" అన్నాడు ఒకాయన. రెండు నిమిషాలు అయినంక ఇంకో ఆయన అడిగాడు: "లేఆఫ్ లేదు సరే, మరి ఆ ఐదుగురు ఎటు పోతారు?"

అదీ ప్రశ్న. దానికోసమే ఈ పోస్టు.

ఆ ఆదివారం మెట్రోటౌన్ పక్కన ఉన్న బాబ్ ప్రిట్టీ లైబ్రరీకి పోయాం. మాది పదో తరగతి చదువు. మా బిడ్డ ఇక్కడ పదకొండో గ్రేడు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతికినం. వెతికిన కొద్దీ కోపం వచ్చింది.

అట్రిషన్ అసలు లాటిన్ మాట. 'టెరెరే' అంటే రుద్దడం, అరగదీయడం. దాని ముందు 'అడ్' చేరితే ఒకదానికేసి ఇంకొకదాన్ని రుద్దడం. అంటే అచ్చంగా మన తెలుగులో అరుగుదల. రాయి మీద రాయి రుద్దితే అరిగిపోతుందే, అది. అదే వేరు నుంచి ఇంగ్లీషులో ఇంకా చాలా మాటలు పుట్టాయి. నష్టానికి 'డెట్రిమెంట్' అంటారు, దాని అసలు అర్థం అరిగి పోయిన భాగం. వాడి వాడి పస లేకుండా పోయిన మాటను 'ట్రైట్' అంటారు, అంటే అరిగిన మాట. కష్టాలకు 'ట్రిబ్యులేషన్' అంటారు. అది కళ్లం నుంచి వచ్చిన మాట. రోమన్ల కాలంలో కింద రాతి పండ్లు బిగించిన బల్లను పశువులతో ధాన్యం మీద లాగించేవాళ్లు, దాని పేరు ట్రిబ్యులం. మన దగ్గర ఎడ్లతో బంతి కట్టి తొక్కించినట్టు. ఆ బల్ల కింద గింజ పడే బాధే ట్రిబ్యులేషన్ అయింది.

చూడండి, అన్నీ ఒక్క కుటుంబమే. రుద్దడం, నష్టపోవడం, తొక్కించుకోవడం. ఆఫీసు మనుషులు ఎంత మెత్తగా పలికినా ఈ మాట లోపల రాయి ఉంది.

ఇంగ్లీషులోకి ఈ మాట మొదట చర్చి నుంచి వచ్చింది. ఆరు వందల ఏండ్ల కిందటి ముచ్చట. చేసిన పాపానికి మనిషి రెండు రకాలుగా బాధపడతాడని అప్పటి క్రైస్తవ పండితులు చెప్పారు. దేవుడి మీద ప్రేమతో గుండె కరిగి బాధపడితే అది 'కంట్రిషన్'. నరకానికి పోతానన్న భయంతో బాధపడితే అది 'అట్రిషన్', తక్కువ రకం పశ్చాత్తాపం. 1551లో ట్రెంట్ అనే ఊరిలో జరిగిన మహాసభలో కూడా దీని మీద తీర్మానం రాసుకున్నారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాత ఇది యుద్ధంలోకి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర 1916 ఫిబ్రవరి 21 నుంచి డిసెంబర్ దాకా పది నెలలు కొట్టుకున్నారు. రెండు వైపులా కలిపి సుమారు 3 లక్షల మంది చచ్చిపోయారు. పది నెలలు అయినంక చూస్తే గీత పెద్దగా జరగలేదు. కోట పట్టడం కన్నా ఫ్రెంచి సైన్యం రక్తం కార్చి కార్చి అయిపోయేలా చేయడమే తన లెక్క అని జర్మన్ సేనాధిపతి ఫాల్కెన్‌హైన్ తర్వాత రాసుకున్నాడు. ఇట్లాంటి యుద్ధానికే 'వార్ ఆఫ్ అట్రిషన్' అని పేరు. ఎదుటివాడి దగ్గర మనుషులు అయిపోయేదాకా రుద్దుతూనే ఉండడం.

ఆ తర్వాతే ఈ మాట ఆఫీసుల్లోకి వచ్చింది. రిటైర్ అయినవాళ్లు, మానేసినవాళ్లు, చనిపోయినవాళ్లు, వీళ్ల జాగాలో కొత్తవాళ్లను పెట్టకుండా మందిని తగ్గించుకోవడం. ఇప్పుడు మన ట్రైలర్‌లోకి వచ్చింది ఈ అర్థమే. పాపం, చావు, యుద్ధం అన్నీ దాటి వచ్చి, చేతులు కడుక్కొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని మన ముందు కూర్చుంది.

మేం బడిలో ఇంగ్లీషు సరిగ్గా నేర్వలేదు గానీ తెలుగు సారు కర్త, కర్మ, క్రియ గట్టిగానే నేర్పాడు. 'మేస్త్రి గోడ కట్టాడు' అంటే కట్టింది మేస్త్రి. 'లేఆఫ్ చేశారు' అంటే ఎవరో చేశారు, వాళ్లను అడగొచ్చు. 'అట్రిషన్ అయింది' అంటే? కర్త ఎవరు? ఎవరూ లేరు. వాన పడ్డట్టు, ఆకు రాలినట్టు దానంతట అదే అయింది. ఈ మాట పెట్టుకున్నదే అందుకు. రుద్దిన చెయ్యి కనపడకూడదు.

మన భాషలో ఈ మోసం నడవదు. 'అరిగింది' వేరు, 'అరగదీశారు' వేరు. గంధపు చెక్క దానంతట అది అరగదు, సాన మీద పెట్టి ఎవరో తిప్పాలి. ఇంకోటి కూడా ఉంది. తెలుగులో తిన్నది జీర్ణమైతే కూడా అరిగింది అనే అంటాం. కంపెనీ మన భుజాలు తిన్నది, మన మోకాళ్లు తిన్నది, అరిగించుకున్నది. చివరికి మనల్నే 'అరిగిపోయారు' అంటోంది.

దీన్ని మనం కొత్తగా చూస్తున్నామా? లేదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం పిల్లలం ఈ మాట తెలియకుండానే ఈ మాట నీడలో పెరిగినం.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు మించి కార్మికులు ఉండేవాళ్లు. షిఫ్ట్ సైరన్ కూస్తే రోడ్డు మీద సైకిళ్ల వరదే. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అరవై వేలకు పైగా నౌకర్లు పోయాయి. ఏ ఒక్క రోజైనా 'అరవై వేల మందిని తీసేశారు' అని పేపర్లో చదివినమా? చదవలేదు. ఎందుకంటే ఆ రోజు రానే లేదు. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపేవాళ్ల జాగాలోకి యంత్రాలు వచ్చాయి. అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఓపెన్‌కాస్టులు తెరుచుకున్నాయి. పైన మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. వీఆర్ఎస్ అన్నారు. వారసత్వ ఉద్యోగాలు చాలా ఏండ్లు ఆపారు. మస్టర్లు తక్కువయ్యాయని కొందరిని డిస్మిస్ చేశారు. రిటైర్ అయినవాడి కుర్చీ ఖాళీగానే ఉంచారు.

మరి బొగ్గు తగ్గిందా? 1990-91లో 2 కోట్ల టన్నులు కూడా తీయలేదు. 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. బొగ్గు మూడింతలు దాటింది, పర్మినెంట్ మనిషి సగానికన్నా తక్కువైండు. కాబట్టి 'పని లేదు, అందుకే మంది తగ్గారు' అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. పని ఉంది. పని చేసేవాడికి హక్కు ఉన్న నౌకరీ లేదు, అంతే. అదే మట్టి, అదే దుమ్ము, కాంట్రాక్ట్ కార్మికుడు సగం జీతానికి మోస్తున్నాడు.

ఎందుకు ఇట్ల మెల్లమెల్లగా చేస్తారో కూడా తెలుసుకోవాలి. మన దేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఉండేది. దాని ప్రకారం నూరు మందీ ఆ పైన పనిచేసే గనిలోనో ఫ్యాక్టరీలోనో రిట్రెంచ్‌మెంట్ చేయాలంటే సర్కారు అనుమతి కావాలి. అంటే అర్జీ పెట్టాలి, కారణం చెప్పాలి, యూనియన్ అడ్డం పడుతుంది, కొట్లాట అవుతుంది. అట్రిషన్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకరికి గేటు చూపిస్తే పది మంది గేటు ముందర కూర్చుంటారు. ఒకడు రిటైర్ అయితే పూలదండ వేసి ఫోటో దిగుతారు. ఆ ఫోటో వెనక ఒక నౌకరీ చచ్చిపోయిందని ఎవరికీ కనపడదు. మా బాపులకు వేసిన దండలు ఇంకా మా ఇండ్లలో ఫోటోల్లో ఉన్నాయి. ఆ నౌకర్లు లేకనే మేం దుబాయికి పోయినం, దోహాకు పోయినం, చివరికి ఈ చలిలోకి వచ్చినం.

సరే, బర్నబీకి వద్దాం. ఇక్కడ చట్టాలు గట్టివి అని మనం ఊళ్లో గొప్పగా చెప్తాం. కొంత నిజమే. కానీ ఒక సంగతి ఎంతమందికి తెలుసు? బ్రిటిష్ కొలంబియాలో ఉద్యోగం తీసేయాలంటే ముందు నోటీసు అన్నా ఇవ్వాలి, ఆ మేరకు జీతం అన్నా ఇవ్వాలి. ఆ రూలు నిర్మాణ కంపెనీ కింద సైట్ మీద పనిచేసేవాడికి వర్తించదు. చట్టంలోనే మనల్ని పక్కన పెట్టారు. యూనియన్ ఒప్పందం ఉన్న సైట్ల సంగతి వేరు. మిగతా చోట మనం శుక్రవారం సాయంత్రం హెల్మెట్ ఇచ్చి పోవాల్సిందే. మరి అంత సులువుగా తీసేయగలిగినవాళ్లు తీసేశామని ఎందుకు చెప్పరు? ఎందుకంటే 'తీసేశాం' అంటే పేరు పోతుంది, మిగిలినవాళ్లకు భయం పుడుతుంది, భయపడ్డవాడు యూనియన్ కార్డు కోసం చూస్తాడు. 'అట్రిషన్' అంటే అందరూ హమ్మయ్య అంటారు. మేం ముగ్గురం అన్నట్టే.

పర్మిట్ మీద ఉన్నవాళ్లకు ఇది ఇంకా సులువు. 2024 సెప్టెంబర్ నుంచి తక్కువ జీతం కింద తెచ్చుకునే మనుషుల సంఖ్యకు పరిమితి బిగించారు, ఆ పర్మిట్ కాలం ఒక ఏడాదికి తగ్గించారు. క్లోజ్డ్ పర్మిట్ తమ్ముడు ఒక్క యజమాని పేరుకే కట్టి ఉంటాడు. వాడిని తీసేయక్కర్లేదు. కాగితం రెన్యూ చేయకుండా ఊరుకుంటే చాలు. రిజిస్టర్‌లో ఏం రాస్తారు? అట్రిషన్.

ఇప్పుడు మా తప్పు చెప్తాం. మేనేజర్‌ను అని మమ్మల్ని దాచుకుంటే ఈ పోస్టుకు విలువ లేదు.

మా దగ్గర జగిత్యాల తమ్ముడు ఒకాయన ఉండేవాడు. క్లోజ్డ్ పర్మిట్. చిప్పింగ్ గన్ పట్టి తల మీద పని, స్లాబు అడుగున కాంక్రీటు పొక్కులు కొట్టడం, తర్వాత గ్రైండర్ పట్టడం. ఒక రోజు లంచ్‌లో వచ్చి అన్నాడు: "అన్నా, కుడి భుజం లేస్తలేదు. అన్నం ముద్ద ఎడమ చేత్తోని తింటున్న." మేం ఏమన్నం? "తమ్మీ, ఈ పోత అయ్యేదాకా ఓపిక పట్టు, తర్వాత కింద పని ఇస్తం" అన్నాం. ఆ పోత అయింది, ఇంకో పోత వచ్చింది, ఇంకోటి వచ్చింది. ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో రాయించలేదు. వర్క్‌సేఫ్ బీసీకి చెప్పమని చెప్పలేదు. చెయ్యి మందమైందని వాడిని వారానికి మూడు రోజులకు కుదించారు, మేం కిమ్మనలేదు. మూడు రోజుల కూలీతో కిరాయి కట్టాలా, ఇంటికి పంపాలా? ఒక శుక్రవారం వాడే వచ్చి హెల్మెట్ ఇచ్చాడు. "పోతున్న అన్నా" అన్నాడు. తిట్టలేదు కూడా.

ఫారంలో కారణం అని ఒక గడి ఉంటుంది. పని లేదు, తీసేశాం, తనంతట తాను మానేశాడు. మేం మూడోదానికి టిక్కు పెట్టినం. మా చేత్తోనే. అట్రిషన్ అంటే ఆ టిక్కు. మేనేజర్ లెక్కలో వాడు ఒక అంకె, ఆ అంకె రాసింది మేం.

అదే వారం గ్రైండర్ డిస్కు అరిగింది. స్టోర్‌కు పోయి పాతది చూపిస్తే కొత్తది చేతిలో పెట్టారు. ఎవరూ 'ఉన్నదాంతో సర్దుకో' అనలేదు. డిస్కు అరిగితే పని ఆగుతుందని వాళ్లకు తెలుసు. తమ్ముడు అరిగితే పని ఆగలేదు, ఎందుకంటే వాడి పని మిగిలిన పద్నాలుగు మంది మీద పంచినం. ఆ పంచింది కూడా మేమే. ఇప్పుడు ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు నడుం పట్టుకొని తిరుగుతున్నారు. అర్థమైందా ఇది ఎట్ల నడుస్తుందో? ఒకడు పోతే వాడి బరువు పక్కవాడి మీద పడుతుంది, ఆ బరువుకు పక్కవాడు పోతాడు. అందుకే చలికాలానికి తొమ్మిది అని మేనేజర్ అంత ధీమాగా చెప్పగలిగాడు. ఎవరు పోతారో ఆయనకు తెలియదు. ఐదుగురు పోతారని మాత్రం తెలుసు. రుద్దుడు ఆగదని తెలుసు కాబట్టి.

కొందరు అన్నలు కింద కామెంట్ పెడతారని ముందే తెలుసు. "కంపెనీకి నష్టం వస్తే ఏం చేస్తుంది? మనుషులు రావడం పోవడం సహజమే కదా?" అని. నిజమే, మనుషులు పోతారు. ముసలితనంతో రిటైర్ అవుతారు, మంచి జీతం దొరికితే వేరే చోటికి పోతారు. దానికి మా కొట్లాట లేదు. కంపెనీకి నష్టం వస్తే నోరు తెరిచి చెప్పాలి: ఇంతమందిని తగ్గిస్తున్నాం, ఇదీ కారణం, ఈ తేదీ నుంచి. అప్పుడు మనం కూడా మన దారి చూసుకుంటాం, ఈఐకి అర్జీ పెట్టుకుంటాం. తనంతట తాను మానేశాడని రాస్తే ఆ ఈఐ కూడా చిక్కుల్లో పడుతుంది.

ఇంకొందరు ఐటీ తమ్ముళ్లు అంటారు: "అన్నా, మా దగ్గర అట్రిషన్ అంటే కంపెనీలే భయపడతాయి." అది కూడా నిజం. 2022లో ఇన్ఫోసిస్ లాంటి పెద్ద కంపెనీల్లో అట్రిషన్ ఇరవై శాతం దాటింది, జీతాలు పెంచి మరీ ఆపుకున్నారు. కానీ తమ్మీ, మీరు పోయింది పక్క బావిలో నీళ్లు ఎక్కువున్నాయని. మా తమ్ముడు పోయింది చేద తోడే చెయ్యి లేవక. ఈ రెండింటికీ ఒకే మాట వాడుతున్నారు చూడండి, అక్కడే ఉంది మాయ. ఎక్కువ కూలీకి పోయినవాడూ, భుజం పోయి పోయినవాడూ, పర్మిట్ అయిపోయి పోయినవాడూ ఒకే గడిలో ఒకే అంకె. ఆ అంకెను చూసి ఎవరికీ కన్నీళ్లు రావు, ఎవరి మీదా కేసు పడదు.

మూడో రకం అన్నలు ఉన్నారు, వాళ్లతోనే అసలు పేచీ. "మనం పొట్ట చేత పట్టుకొని వచ్చినోళ్లం, మనకెందుకు ఈ గొడవ, తల వంచుకొని చేసుకుందాం" అంటారు. అన్నా, తల వంచుకుంటే మెడ కూడా అరుగుతుంది. ఊరికి పోయినప్పుడు కరీంనగర్‌లో ఎముకల డాక్టర్ దగ్గర లైన్ చూడండి. గల్ఫ్ నుంచి వచ్చినోళ్లు, నలభై ఐదు నిండనోళ్లు, అందరికీ ఒకటే మాట: మోకాలి గుజ్జు అరిగిపోయింది. ఆ ఎక్స్‌రేలో ఏ కంపెనీ పేరూ ఉండదు. గుజ్జు అక్కడ వదిలి వచ్చినం, ఖర్చు ఇక్కడ పెట్టుకుంటున్నం.

కాబట్టి మేం నాలుగు మాటలు చెప్పదలుచుకున్నాం.

ఒకటి. నొప్పి వచ్చిన రోజే చెప్పండి, ఫస్ట్ ఎయిడ్ పుస్తకంలో రాయించండి, రాసింది ఫోన్‌లో ఫోటో తీసుకోండి. వర్క్‌సేఫ్ బీసీకి అర్జీ పెట్టడానికి గాయమైన రోజు నుంచి ఒక ఏడాది గడువు ఉంది. పై నుంచి పడితేనే గాయం అనుకోకండి. నెలల తరబడి ఒకే పని చేసి భుజం పోవడం, మోతకు చెవులు పోవడం, సిలికా దుమ్ముకు ఊపిరితిత్తులు చెడడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఆ బీమా డబ్బు యజమాని కడతాడు, మన జీతంలో కోయడానికి వీల్లేదు. అర్జీ పెట్టొద్దని ఆపడం చట్టానికి విరుద్ధం. పర్మిట్ మీద ఉన్నా ఇది మన హక్కే.

రెండు. 2024 జనవరి 1 నుంచి ఇక్కడ కొత్త రూలు ఉంది. ఇరవై మందీ ఆ పైన పనిచేసే కంపెనీలో ఏడాది నుంచి ఉన్నవాడికి పనిలో దెబ్బ తగిలితే, చేయగలిగిన పని చూపించి వాడిని మళ్లీ తీసుకోవాల్సిన బాధ్యత యజమానిది. 'తనంతట తాను మానేశాడు' అనే టిక్కు ఈ బాధ్యతను కూడా మింగేస్తుంది. అందుకే నొప్పితో ఉన్నప్పుడు, కోపంతో ఉన్నప్పుడు మానేస్తానని కాగితం మీద సంతకం పెట్టకండి. క్లోజ్డ్ పర్మిట్ మీద వేధింపు ఉంటే ఓపెన్ పర్మిట్‌కు అర్జీ పెట్టుకునే దారి 2019 నుంచి ఉంది, తెలిసినవాళ్లను అడగండి.

మూడు. మీటింగ్‌లో 'అట్రిషన్' అని వినపడితే వెంటనే అడగండి: ఎవరు పోతారు, ఎందుకు పోతారు, వాళ్ల పని ఎవరు చేస్తారు, దానికి కూలీ పెరుగుతుందా? మర్యాదగానే అడగండి, జవాబు ఈమెయిల్‌లో ఇవ్వమనండి. మాటకు కర్త దొరికేదాకా అడగండి.

నాలుగు. ఇది సూపర్‌వైజర్లకు. ఆ గడి దగ్గర మన చెయ్యి ఆగాలి. నిజం కారణం పక్కన చిన్న అక్షరాలతో అన్నా రాయండి. మనం కూడా ఒకప్పుడు తట్ట మోసినోళ్లమే. పైవాళ్లు సాన తెస్తారు, కానీ తిప్పేది మాత్రం మన చెయ్యి.

ఇక ఆ చర్చి ముచ్చట. భయంతో పడే బాధ అట్రిషన్, ప్రేమతో పడే బాధ కంట్రిషన్ అన్నారు కదా. జగిత్యాల తమ్ముడి గురించి ఇన్ని నెలలు మేం పడింది మొదటి రకమే. బాధ ఉండె, కానీ నౌకరీ పోతుందన్న భయం అంతకన్నా ఎక్కువుండె. సోమవారం రాత్రి వాడికి ఫోన్ చేసినం. ఊళ్లోనే ఉన్నాడు. భుజం ఇంకా చెవి దాకా లేస్తలేదంట. "అన్నా, మీరు ఫోన్ చేస్తరనుకోలె" అన్నాడు. వాడికి ఏడాది నిండడానికి ఇంకా పదకొండు వారాలు ఉంది. వర్క్‌సేఫ్ బీసీకి అర్జీ వేయిస్తున్నాం. ఏ తేదీన నొప్పి అని చెప్పిండో, మేం ఏం జవాబిచ్చినమో, గడిలో ఏం టిక్కు పెట్టినమో, చూసింది చూసినట్టు రాసి సంతకం పెడుతున్నాం. ముగ్గురిలో ఇద్దరం పెడుతున్నాం. మూడో అన్నకు పీఆర్ ఫైలు నడుస్తోంది, ఆయన్ని మేం తప్పు పట్టం. అర్జీ ఒప్పుకుంటారో లేదో తెలియదు. మా నౌకర్లు ఉంటాయో లేదో కూడా తెలియదు. ఒకవేళ మేం పోతే రిజిస్టర్‌లో అట్రిషన్ అని రాస్తారు. అది నిజం కాదని మీకు తెలియాలని ముందే రాసి పెడుతున్నాం.

మేనేజర్‌కు తెలుగు రాదు. ఎవరన్నా తర్జుమా చేసి చూపిస్తామంటే చూపించండి, మాకు అభ్యంతరం లేదు. ఒక్క మాట మాత్రం మార్చకుండా చెప్పండి: అరిగిపోలేదు, అరగదీశారు.

మీ సైట్‌లో ఇట్ల టిక్కు పడి పోయిన తమ్ముడు ఎవరన్నా ఉంటే ఈ రోజే ఫోన్ చేయండి. ఏడాది నిండిందా లేదా లెక్క చూడండి. నిండకపోతే కింద కామెంట్‌లో పేరు రాయొద్దు, మాకు మెసేజ్ పెట్టండి. కాగితం ఎట్ల రాయాలో మా బిడ్డ చెప్తుంది.